పచ్చబడిన సముద్రం

మడ్డి చుక్కలో రొయ్య కాలు కనిపించింది. దాని పక్కన గుల్ల ముక్క, ఆ పక్కన చీమ తలకాయంత నల్లటి కన్ను. శుక్రవారం సాయంత్రం, కళాశాల అంతా ఖాళీ అయిపోయిన వేళ, కనకరత్నం మైక్రోస్కోపు మీద వంగి చూస్తోంది.

ఆ చుక్క సముద్రపు తొట్టి అడుగునుంచి తీసినది. తొట్టి పెద్దదేమీ కాదు. రెండడుగుల పొడుగు, నాలుగు బిందెల నీళ్ళు పడుతుంది. ఏలూరులో కాలవ అవతల కొత్తగా పెట్టిన కళాశాలలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరిన ఏడే కనకరత్నం దాన్ని తయారు చేయించుకుంది. ఇనప చట్రం తాడేపల్లిగూడెంలో బండిచక్రాలకు పట్టాలు వేసే కమ్మరి చేసిచ్చాడు. అద్దాలు పటాలు కట్టే దుకాణంలో కోయించి, సందులు తారుతో తనే పూడ్చింది. నీళ్ళు నర్సాపురం అవతలి సముద్రపు ఒడ్డునుంచి పెద్ద గాజు జాడీల్లో రైలుమీద వచ్చాయి. విశాఖపట్నం ఒడ్డున సంపాదించిన రాయి ఒకటి తడిగోనెలో చుట్టి, దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఆ రాయిమీద మూడు సముద్రపు పువ్వులుండేవి. పేరుకే పువ్వులు. నిజానికవి జంతువులు, రేకుల్లాంటి చేతులు విప్పి, అందిన తిండి పట్టుకుని నడుమనున్న నోట్లో పెట్టుకుంటాయి. వాటి చుట్టూ పగడాలకు దగ్గర చుట్టాలైన చిన్న జీవాలు, చొక్కా బొత్తాల్లా, గుంపుగా అతుక్కుని ఉండేవి. పాత లారీ ట్యూబులో సైకిలు పంపుతో గాలి కొట్టి, సన్నటి గొట్టంతో ఆ గాలిని నీళ్ళలోకి బుడగలుగా వదిలేది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ట్యూబు నింపడం ఆమె దినచర్య. ఆదివారాలు కూడా.

మూడేళ్ళు అద్దంలా ఉన్న ఆ తొట్టి యాభై అయిదో సంవత్సరం జనవరినుంచి పచ్చబడడం మొదలుపెట్టింది. ముందు అద్దాలకి జిడ్డుగా పాచి పట్టింది. తరవాత రాయిమీద జుట్టులాంటి నాచు మొలిచింది. బొత్తాలన్నీ ముడుచుకున్నాయి. కనకరత్నం నీళ్ళు మార్చింది. ఎండ తగలకుండా కిటికీకి అట్ట కాగితం అంటించింది. పాచి గీకింది. గీకిన పది రోజులకి మళ్ళీ అంతే. ఫిబ్రవరి నెలాఖరులో మూడు పువ్వుల్లో పెద్దది కుళ్ళిపోయింది. మిగిలిన రెండూ ఉసిరికాయల్లా బిగుసుకుని కూర్చున్నాయి. నీళ్ళు వాసన కొట్టసాగాయి.

బుధవారంనాడు వాల్తేరునుంచి విశ్వవిద్యాలయం వారి తనిఖీ ఉందనీ, సోమవారంలోగా తొట్టి బాగుచెయ్యాలనీ, లేకపోతే తీసి అవతల పారెయ్యాలనీ ప్రిన్సిపాల్ సోమయాజులుగారు కాగితం పంపారు. ఆ కాగితంలో 'మీ అశ్రద్ధవల్ల' అన్న మాట ఉంది. కనకరత్నానిది ఇంకా టెంపరరీ ఉద్యోగం. జూన్‌లో ఖాయం చేస్తారో పంపించేస్తారో తేలాలి.

పాచికి కారణమేమిటో మాత్రం ఆమెకి అర్థం కాలేదు. ఆకివీడు మిషను కాంపౌండులో పుట్టి పెరిగిన మనిషి ఆమె. చేలకు వేసిన ఎరువంతా వరదనీళ్ళతో కొల్లేట్లోకి దిగిన ఏడు గుర్రపుడెక్క ఎలా కమ్మేస్తుందో చిన్నప్పటినుంచీ చూసింది. నీళ్ళలో ఎరువు ఎక్కువైతే గాని పాచి ఇలా పెరగదు. తనేమో శనివారంనాడు పువ్వుకొక్కటి చొప్పున, బియ్యపుగింజంత చేపముక్క పెడుతుంది. అంతకు మించి ఏమీ వెయ్యదు. మరి ఎరువెక్కడిది?

రొయ్య కాలు ఆ ప్రశ్నకి జవాబు చెప్పింది. ఎవరో వచ్చి తిండి వేస్తున్నారు. పువ్వులు తినగా మిగిలింది అడుక్కి దిగి కుళ్ళుతోంది. ఆ కుళ్ళుని తిని పాచి బలుస్తోంది.

గదికి రెండే తాళంచెవులు. ఒకటి తన దగ్గర, రెండోది ప్రిన్సిపాలుగారి క్వార్టర్సులో మిగతా గదుల తాళంచెవులతోపాటు. శనివారం పొద్దున ఆమె లేబరేటరీ అటెండరు దేవసహాయాన్ని అడిగింది. అతను చాలా నొచ్చుకున్నాడు. తన సర్వీసులో ఒక్క గాజు పలక పగలగొట్టలేదన్నాడు. ఆమె క్షమించమని అడిగింది గాని, అతను మధ్యాహ్నందాకా ఆమె మొహం చూడలేదు. ఆ గదిలో ఆమెతో రోజూ నాలుగు మాటలు మాట్లాడే మనిషి అతనొక్కడే.

ఆదివారం ఉదయం కనకరత్నం మిషను గుడికి వెళ్ళలేదు. ఏలూరు వచ్చాక అది మొదటిసారి.

ట్యూబు నింపి, లోపల గడియ వెయ్యకుండా, దేవసహాయం చేత బయటనుంచి తాళం వేయించి, అస్థిపంజరాల బీరువా వెనక ఎత్తుపీట వేసుకుని కూర్చుంది. తొమ్మిదింటికి గుడిగంట మోగింది. ఎడమవైపు మూడో బెంచీలో గోడ పక్క చోటు తనది. ఇవాళ అక్కడ తను లేదని ఎవరు కనిపెడతారా అని ఆలోచించింది. విక్టోరియమ్మగారు అడగవచ్చు, ఆవిడ పాటల పుస్తకం తన దగ్గరుంది కనక. ఆరాధన అయ్యాక అందరూ వరండాలో కాసేపు నిలబడతారు. పిల్లల చెప్పులు వెతుకుతారు. ఎవరిళ్ళకి వాళ్ళు, గుంపులుగా, మధ్యాహ్నం కూర మాట చెప్పుకుంటూ వెళతారు. కనకరత్నం పవరుపేటలో తన ఒంటిగది తాళం తీసుకుని, పొద్దున వండిన అన్నమే తిని, అయిదెప్పుడవుతుందా అని కూర్చుంటుంది. అయిదైతే తొట్టి దగ్గరికి రావచ్చు.

ఎవరైనా పోకిరి విద్యార్థి అయి ఉంటాడని ఆమె అనుకుంది. లేదా తనంటే గిట్టని లెక్చరరు ఎవరైనా. వాళ్ళని ఏమనాలో మాటలు కూర్చుకుంది.

పన్నెండున్నరకి తాళం తిరిగింది.

వచ్చినామె చెప్పుల్లేకుండా వచ్చింది. కొంగు తలమీదుగా కప్పుకుంది. తలుపు జాగ్రత్తగా దగ్గరికి వేసి, తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్ళి, ఎప్పుడూ వాడే పీట అయినట్టు స్టూలు లాక్కుని కూర్చుంది. కొంగు జారాక గాని కనకరత్నం పోల్చుకోలేదు. ఆవిడ ప్రిన్సిపాలుగారి భార్య, కామేశ్వరమ్మ.

బీరువా వెనకనుంచి కనకరత్నం వెంటనే లేవాల్సింది. లేవలేదు. ఎందుకంటే కామేశ్వరమ్మ తొట్టితో మాట్లాడడం మొదలుపెట్టింది.

ఇవాళ బీరకాయ కూర చేశానని చెప్పింది. ఆయన ఏమీ అనలేదనీ, ఉప్పు ఎక్కువైనా అనరనీ, తక్కువైనా అనరనీ చెప్పింది. పెరట్లో కాకి ఒకటి సబ్బుముక్క ఎత్తుకుపోయిందని చెప్పి, తనే కొంచెం నవ్వుకుంది. తరవాత గొంతు తగ్గించి, ఇంకా కోపం పోలేదా, ఎన్నాళ్ళిలా ముడుచుకుని కూర్చుంటారు, అని పువ్వుల్ని బతిమాలింది. కొంగు ముడి విప్పి, అరిటాకు పొట్లం తీసింది. విప్పగానే గదంతా ఎండు రొయ్యపొట్టు వాసన కమ్ముకుంది. ఆవిడ ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో గుప్పెడు తీసుకుని తొట్టిమీదికి చాచింది.

కనకరత్నం లేచి వచ్చింది.

“అది వెయ్యకండి” అంది.

కామేశ్వరమ్మ కెవ్వుమనలేదు. ఆవిడ చెయ్యి తొట్టిమీద అలాగే ఉండిపోయింది. కాసేపటికి గుప్పిట మూసి ఒళ్ళో పెట్టుకుంది. తల దించుకుంది. చిన్నపిల్ల దొరికిపోయినట్టుగా ఉంది గాని, ఆవిడకి నలభై దగ్గర పడుతున్నాయి, చెవుల దగ్గర జుట్టు నెరిసింది.

పొద్దుటినుంచీ కూర్చుకున్న మాటలు కనకరత్నం ఆపుకోలేకపోయింది. గొంతు పెంచలేదు. ఆమెకి గొంతు పెంచడం అలవాటు లేదు. మూడేళ్ళ కష్టం మట్టిలో కలిపారంది. నీళ్ళు మార్చీ మార్చీ తన చేతులు పుళ్ళు పడ్డాయంది. ప్రిన్సిపాలుగారు తనకి అశ్రద్ధ అని రాసిచ్చారంది. ఇప్పుడు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదంది. చివరకి ఒక మాట అంది.

“పెద్ద పువ్వుని మీరే చంపారండి.”

కామేశ్వరమ్మ తలెత్తి చూసింది. “పెద్దదాన్నా అండీ? నా వేలు పట్టుకున్నదాన్నా?”

కనకరత్నానికి అర్థం కాలేదు. కామేశ్వరమ్మ నెమ్మదిగా, మధ్యమధ్య ఆగుతూ చెప్పింది.

డిసెంబరులో కళాశాల వార్షికోత్సవం నాడు ఆడవాళ్ళందరినీ తీసుకొచ్చి ఈ గది చూపించారు. కనకరత్నమే చూపించింది, ఇప్పుడు గుర్తులేదు. చూపుడువేలు నీళ్ళలో పెట్టి చూడమని అంది. మిగతావాళ్ళు జంకారు. కామేశ్వరమ్మ పెట్టింది. పెద్ద పువ్వు రేకులన్నీ దగ్గరికి తెచ్చి ఆవిడ వేలు చుట్టూ మెత్తగా అంటుకుంది. వదిలించుకోబోతే కొంచెం లాగింది కూడా. ఆ రాత్రంతా తనకి ఆ వేలు గుర్తొస్తూనే ఉందని కామేశ్వరమ్మ చెప్పింది. తనని ఎవరైనా పట్టుకుని ఆపి ఎన్నేళ్ళయిందో తెలియదంది.

మరుసటి ఆదివారం ఆయన భోంచేసి పడుకోగానే తాళంచెవి తీసుకుని వచ్చింది. వట్టి చేతులతో రావడం ఏం బావుంటుందని మొదటిసారి నెయ్యి కలిపిన అన్నం మెతుకులు తెచ్చింది. పువ్వు పట్టుకుని వదిలేసింది. ఆ తరవాత గారె ముక్క తెచ్చింది. అదీ వదిలేసింది. పెరటి గుమ్మంలోకి కొల్లేటి చేపలమ్మే దుర్గమ్మ, పక్క క్వార్టర్సు వాళ్ళకోసం వస్తుంటుంది. నీళ్ళలో ఉండేవాళ్ళు ఏం తింటారని ఒకనాడు ఆమెనడిగింది. దుర్గమ్మ నవ్వి, రొయ్యపొట్టు పొట్లం కట్టి ఇచ్చింది.

పుట్టి బుద్ధెరిగి తాకని వస్తువు. అటు చూసి ఇటు చూసి కొంగున కట్టుకుంది. ఆదివారాలూ, ఆయన కమిటీకి వెళ్ళే గురువారాలూ, గదిలో ఎవరూ లేని భోజనాల వేళ చూసి, తెచ్చి వేసింది. ఇంటికి పోగానే నూతి దగ్గర తలమీదనుంచి స్నానం చేసేది. రెండుపూటలా స్నానం చేస్తోందని ఆయన ఒకనాడు గమనించి, ఏదైనా వ్రతమా అనడిగారు. అవునంది.

“పువ్వు ముడుచుకుంటుంటే ఆకలేమో అనుకున్నానండీ. ముడుచుకున్న కొద్దీ ఇంకాస్త వేశాను” అంది కామేశ్వరమ్మ. “నేను వేసిందే దానికి విషమని నాకు తెలియదండీ.”

కనకరత్నం స్టూలు పక్కన నిలబడిపోయింది. అనాల్సిన మాటలన్నీ అయిపోయాయి. తనకి ఎవరిమీదో ఉండాల్సిన కోపం ఇప్పుడు ఎవరిమీదా లేదు. అది మరీ కష్టంగా ఉంది.

విషం కాదని చెప్పింది. రొయ్య మంచి తిండే. పువ్వుకి వారానికి గింజంత చాలు. మిగిలింది అడుగున కుళ్ళి, నీళ్ళకి ఎరువవుతుంది. సముద్రమైతే ఎంత పడ్డా ఎక్కడికో కొట్టుకుపోతుంది. ఇక్కడ పోవడానికి దారి లేదు, నాలుగు బిందెలే కదా. మైక్రోస్కోపు దగ్గరికి పిలిచి మడ్డి చుక్క చూపించింది. కామేశ్వరమ్మ ఒక కన్ను చేత్తో మూసుకుని చాలాసేపు చూసింది. రొయ్య కన్ను కనిపించిందా అని కనకరత్నం అడిగితే, కనిపించింది, అదీ నన్నే చూస్తున్నట్టుంది అంది.

ఆ తరవాత కామేశ్వరమ్మ ఇంకొక సంగతి చెప్పింది. వాళ్ళ అత్తగారు పోయి రెండేళ్ళయింది. బతికున్నన్నాళ్ళూ ఆవిడ తనని తిట్టని పూట లేదు. పప్పు పలచనైనా తిట్టేది, వాన వచ్చినా తిట్టేది. ఎప్పుడు పోతుందా అని దేవుడికి దణ్ణం పెట్టుకున్న రోజులున్నాయి. పోయిన పదో రోజునుంచి ఇంట్లో మాట లేదు. పుట్టింటివైపు ఉన్న ఒక్క అన్నగారూ ఎప్పుడో పోయాడు. ఆయన మంచివారే. పుస్తకం, భోజనం, కళాశాల. ‘అన్నం పెట్టు’ అన్న మాటా, ‘తలుపు వేసుకో’ అన్న మాటా తప్ప మూడో మాట అవసరం ఆయనకి కలగదు.

“తిట్టేవాళ్ళుంటే మనం ఉన్నట్టేనండీ” అంది.

 తనకి తిట్టేవాళ్ళు కూడా లేరని కనకరత్నం చెప్పవచ్చు. చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో తెలియక, చీర కొంగు దోపుకుని, బీరువా కిందనుంచి రబ్బరు గొట్టం తీసింది.

సోమవారానికి ఇంకా ఒక పూట ఉంది. నర్సాపురంనుంచి తెచ్చి చీకట్లో దాచిన సముద్రపు నీళ్ళు రెండు జాడీలున్నాయి. అవి పోస్తే సగం తొట్టికి సరిపోతాయి. ముందు అడుగున పేరుకున్న మడ్డంతా తీసెయ్యాలి. అద్దాలు గీకాలి. రాయిమీది నాచు చేత్తో పీకాలి. ఇవన్నీ ఇంతకు ముందూ చేసింది గాని, మడ్డి అడుగంటా తియ్యలేదు. తియ్యాల్సినంత మడ్డి అక్కడుంటుందని అనుకోలేదు.

తను వెళ్ళిపోవాలేమో అన్నట్టు కామేశ్వరమ్మ తలుపు వైపు చూసింది. ఆయన మూడున్నరదాకా లేవరంది. కనకరత్నం బకెట్టు ఆవిడ ముందు పెట్టింది. అంతే, ఇద్దరూ మొదలుపెట్టారు.

గొట్టం ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని కనకరత్నం పీల్చింది. నీళ్ళు పెదవులదాకా రాగానే బకెట్టులోకి వదిలింది. పచ్చగా, నల్లగా, బురదలాంటి నీళ్ళు దిగసాగాయి. ముక్కులు బద్దలయ్యే కంపు. కామేశ్వరమ్మ గొట్టం పట్టుకుంటే కనకరత్నం పాత బ్లేడుతో అద్దం గీకింది. తరవాత మోచేతులదాకా నీళ్ళలో పెట్టి, రాయిని కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నాచు కుదుళ్ళతో లాగుతోంది. అప్పుడు గొట్టం ఆగిపోయింది. నాచు ముద్ద ఏదో అడ్డంపడినట్టుంది.

కనకరత్నం చేతులు రెండూ నీళ్ళలో ఉన్నాయి. రాయి వదిలితే ఒరిగి పువ్వులు నలుగుతాయి. కాసేపు ఆగండి, నేను వచ్చి పీలుస్తాను అందామనుకుంది. ఆమె నోరు పెట్టిన గొట్టం అది. ప్రిన్సిపాలుగారింట్లో ఎవరి గ్లాసు ఎక్కడుండాలో, ఎవరు ఏ గుమ్మందాకా రావాలో కళాశాలలో అందరికీ తెలుసు. కనకరత్నానికి మరీ బాగా తెలుసు.

కామేశ్వరమ్మ గొట్టం కొస వంక చూసింది. కొంగుతో తుడవలేదు. నోట్లో పెట్టుకుని బుగ్గలు లోపలికి పోయేటట్టు గట్టిగా పీల్చింది. అడ్డు వదిలింది. నీళ్ళు ఒక్కసారిగా నోటినిండా వచ్చాయి. ఆవిడ ఉక్కిరిబిక్కిరై బకెట్టులో ఉమ్మి, మూతి తుడుచుకుని, కళ్ళనీళ్ళు తిరుగుతుండగా కనకరత్నం వైపు చూసింది.

“ఇంత ఉప్పా అండీ సముద్రం?” అంది.

కనకరత్నానికి నవ్వొచ్చింది. నవ్వు ఆగలేదు. కామేశ్వరమ్మ కూడా నవ్వింది. ఆ గదిలో ఇద్దరు మనుషులు కలిసి నవ్వడం అదే మొదలని కనకరత్నానికి ఆ రోజు సాయంత్రం, ఒంటిగదిలో దీపం ముట్టిస్తున్నప్పుడు తట్టింది.

మూడింటికి తొట్టిలో సగం కొత్త నీళ్ళు నిండాయి. రాయి బోడిగా, పాలిపోయి కనిపించింది. పువ్వులు రెండూ ముడుచుకునే ఉన్నాయి. వాటికి రోజులు పడతాయని కనకరత్నం చెప్పింది. గురువారంనాడు ఇద్దరూ కలిసి చెరొక గింజంత చేపముక్క పెడదామనుకున్నారు. చేప తాకలేకపోతే గడ్డిపుల్ల చివర గుచ్చి ఇస్తానంది. రొయ్యపొట్టు తాకిన చేతికి ఇంకా పుల్లెందుకండీ అని కామేశ్వరమ్మ అంది.

తలుపు దగ్గర ఆవిడ ఆగింది. చాలాసేపటినుంచి అడగాలనుకుంటున్న మాట అప్పుడడిగింది. ఆయనతో చెబుతారా అంది.

చెబితే కనకరత్నం మీది మాట తొలగిపోతుంది. అశ్రద్ధ తనది కాదని రుజువవుతుంది. చెప్పకపోతే కాగితం కాగితంగానే ఉంటుంది. ఈవిడ ఇంట్లో రొయ్యపొట్టు సంగతి తెలిస్తే ఏమవుతుందో ఊహించడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు.

“చెప్పనండి” అంది.

సోమవారం ఉదయం సోమయాజులుగారు తలపాగాతో, చేతిలో ఫైలుతో వచ్చి తొట్టి ముందు నిలబడ్డారు. నీళ్ళు తేటగా ఉన్నాయి. వాసన లేదు. ఎలా బాగుచేశారని అడిగారు. తిండి ఎక్కువై నీళ్ళు చెడ్డాయనీ, ఇకమీదట తగ్గిస్తామనీ ఆమె చెప్పింది. ఎక్కువ వేసింది ఎవరని ఆయన అడగలేదు, వేసేది ఆమే కదా. అయితే తన కాగితంలో రాసిన మాట ఆమె ఒప్పుకుంటున్నట్టేనా అనడిగారు. కనకరత్నం ఒప్పుకుంటున్నానంది. ఆయన అక్కడే, ఎముకల బల్లమీద ఫైలు ఆనించి, ఆ మాట ఆమె చేత రాయించి సంతకం తీసుకున్నారు. దేవసహాయం గాజు గొట్టాలు తుడుస్తూ అంతా చూశాడు. ఆయన వెళ్ళాక ఆమె అడక్కుండానే ట్యూబులో గాలి కొట్టిపెట్టాడు.

బుధవారం తనిఖీవాళ్ళు నలుగురు వచ్చారు. ముగ్గురు బీరువాలు చూసి, రిజిస్టర్లు చూసి ముందుకి నడిచారు. నాలుగో ఆయన ముసలాయన, తొట్టి ముందు ఆగిపోయారు. రెండు పువ్వుల్లో ఒకటి సగం విచ్చుకుంది. ఊదారంగు చేతులు నీళ్ళలో అటూ ఇటూ కదులుతున్నాయి. సముద్రానికి ఇంత దూరంలో దీన్ని ఎలా బతికిస్తున్నారమ్మా అని ఆయన అడిగారు. వర్షపు నీళ్ళు పట్టి ఉంచి, ఉప్పు చిక్కబడకుండా ఆవిరైనంత మేరకే పోస్తానని కనకరత్నం చెప్పింది. ముసలాయన మెచ్చుకుంటూ వెళ్ళిన మాటలు సోమయాజులుగారికి సంతోషం కలిగించినట్టున్నాయి. తొట్టి ఉండనివ్వమని సోమయాజులుగారు వెళుతూ వెళుతూ అన్నారు. కాగితం సంగతి ఎత్తలేదు.

ఆ సంగతి కామేశ్వరమ్మకి ఎప్పుడు చెబుతానా అని కనకరత్నం గురువారం పొద్దుటినుంచీ ఎదురుచూసింది. చిన్న పువ్వు కూడా కొసలు బయటపెట్టింది. బొత్తాల్లో పది పన్నెండు తెరుచుకున్నాయి. సీసా మూతలో రెండు చేపముక్కలు కోసి ఉంచింది. ఒకరికి చెప్పాలని ఒక సంగతి దాచుకోవడం ఆమెకి కొత్త. పన్నెండున్నర అయింది. ఒంటిగంట అయింది. వరండాలో అడుగుల చప్పుడైనప్పుడల్లా తలుపు వైపు చూసింది. రెండింటికి చేపముక్కలు ఎండిపోతుంటే మూతలో నాలుగు చుక్కలు నీళ్ళు పోసింది. ఇంత చిన్నదానికి మనసు ఇంత కుంగాలా అని తనని తనే కోప్పడింది. ఆవిడ పెద్దింటి మనిషి. ఒక ఆదివారం మధ్యాహ్నం నవ్వినంత మాత్రాన మళ్ళీ రావాలని ఎక్కడుంది?

రెండున్నరకి తలుపు తెరుచుకుంది.

వచ్చింది సోమయాజులుగారు. తలపాగా లేదు. చొక్కా కూడా లేదు, ఉత్తరీయం ఒకటే భుజాలమీద కప్పుకున్నారు. ఆయన బట్టతలని కనకరత్నం ఎప్పుడూ చూడలేదు. లేచి నిలబడింది. ఆయన కూర్చోమనలేదు, ఆయనా కూర్చోలేదు.

“మా ఇంటావిడ ఇక్కడికేమైనా వచ్చిందాండీ?” అన్నారు.

 చెప్పనని కనకరత్నం మాట ఇచ్చి ఉంది. ఆయన జవాబు కోసం ఆగకుండా చెప్పుకుపోయారు. కమిటీనుంచి త్వరగా వచ్చారట. వంట చేసి, విస్తరి వేసి, అన్నింటిమీదా మూతలు పెట్టి ఉన్నాయట. మనిషి లేదు. నూతి దగ్గర లేదు, పక్క క్వార్టర్సులో లేదు. ఎవరినడగాలో తెలియలేదట. దేవసహాయాన్ని స్టేషనుకి పంపారట.

“ఈ ఊళ్ళో ఆవిడకి తెలిసినవాళ్ళెవరూ లేరు. మొన్న మాత్రం వడ్డిస్తూ మీ పేరు ఎత్తింది. రెండుసార్లు.” ఆయన ఉత్తరీయం సర్దుకున్నారు. “మీతో ఏం మాట్లాడేదండీ?”

ఎక్కడికెళ్ళిందని అడుగుతారనుకుంది గాని, ఈ ప్రశ్న వస్తుందని కనకరత్నం అనుకోలేదు. ఆయన తొట్టి వైపు చూడడం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నారు. చెప్పకూడనిది చాలా ఉంది. చెప్పవచ్చుననుకున్న ఒక్క మాట, కాకి ఎత్తుకుపోయిన సబ్బుముక్క సంగతి, చెబుదామని ఆమె నోరు తెరిచింది.

అప్పుడే దేవసహాయం వచ్చాడు. సైకిలు వరండాలోకే తెచ్చేశాడు. వగరుస్తున్నాడు. అమ్మగారు పదకొండింటి పాసింజరు ఎక్కారనీ, నిడదవోలు వైపు బండి అనీ, పోర్టరు కళ్ళారా చూశాడనీ చెప్పాడు. తరవాతి మాట చెప్పాలా వద్దా అని కనకరత్నం వైపు చూశాడు.

“చెప్పు” అన్నారు సోమయాజులుగారు.

“ఒక్కరే కాదంటండి. పక్కన ఎవరో పెద్దాయన ఉన్నారంటండి. ఆయనే చెయ్యిచ్చి ఎక్కించారంట.”

 ఎవరని ఆయన అడుగుతారని కనకరత్నం చూసింది. ఆయన వేరే మాట అడిగారు.

“కుడికాలు ఈడుస్తూ నడిచే మనిషేనా?”

దేవసహాయం తల ఊపాడు. పోర్టరు ఆ సంగతే ముందు చెప్పాడన్నాడు.

సోమయాజులుగారు స్టూలు కోసం వెనక్కి చెయ్యి చాచారు. అది అందకముందే నెమ్మదిగా, ఉన్నచోటనే, నేలమీద కూర్చున్నారు. ఉత్తరీయం ఒక భుజంనుంచి జారింది. దాన్ని సర్దుకోలేదు.

“అతను కామేశ్వరి అన్నగారండీ” అన్నారు. “పద్నాలుగేళ్ళ కిందట అతను చచ్చిపోయాడని ఆవిడకి అబద్ధం చెప్పినవాణ్ణి నేనే.”